ఉల్లి చీటీలు ఫైల్లోకి ఎక్కేదాకా: జావాతో నా అనుభవం

కర్నూలు మార్కెట్ యార్డులో మా చిన్నాన్నకు ఉల్లి కమీషన్ దుకాణం ఉంది. రైతు సరుకు తెస్తే పేరు, ఊరు, లాటు నంబరు, సంచులు, తూకం, వేలంలో పలికిన రేటు, హమాలీ అన్నీ ఒక చీటీ మీద రాసిస్తారు. నకళ్లు అట్టపెట్టెల్లో ఉంటాయి. మూడు నెలల తర్వాత ఏ రైతన్నా వచ్చి లెక్క అడిగితే పెట్టెలన్నీ దింపాల్సిందే. ఈ జూన్‌కు నా డిగ్రీ పరీక్షలు అయిపోయాయి. ఊళ్లోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో మొదటి పాఠాలు (కోర్ జావా) నేర్చుకుంటున్నాను. చీటీలన్నీ కంప్యూటర్లో పెడతానని నేనే అడిగి ఈ పని తీసుకున్నాను. డేటాబేస్ జోలికి పోలేదు. దుకాణంలో ల్యాప్‌టాప్ పాతది, పైగా గుమాస్తా అన్నకు ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైలే కావాలి.

ఫైల్ చదవడం, రాయడం అనే పాఠం క్లాసులో రెండు పూటల్లో అయిపోతుంది. పాఠంలోని కోడ్ తప్పు కాదు. కానీ తెలుగు పేర్లు రాసేవాళ్లకు, కరెంటు పోయే చోట నడిపేవాళ్లకు, ఇంకొకరి చేతికి ఆ ఫైల్ ఇవ్వాల్సినవాళ్లకు ఏం ఎదురవుతుందో అందులో ఉండదు. అందుకే జరిగింది జరిగిన వరుసలో రాస్తున్నాను.

జూన్ రెండో వారం. మొదటి అడ్డంకి ఫైల్ దాకా కూడా పోకముందే వచ్చింది. డి డ్రైవ్‌లో ఉల్లి అని ఇంగ్లీషు అక్షరాలతో ఫోల్డర్ పెట్టి, ఆ దారి కోడ్‌లో రాయగానే కంపైలర్ (రాసిన కోడ్‌ను మెషీన్ నడిపే రూపంలోకి మార్చేది) 'ఇల్లీగల్ యూనికోడ్ ఎస్కేప్' అని ఆపేసింది. బ్యాక్‌స్లాష్ వెంటనే చిన్న యు అక్షరం కనిపిస్తే, దాని తర్వాత నాలుగంకెల యూనికోడ్ సంఖ్య (అన్ని భాషల అక్షరాలకూ ఒక్కోదానికి ఇచ్చిన నంబరు) వస్తుందని జావా ఎదురుచూస్తుంది. ఉల్లి మొదలయ్యేదే యుతో. ఆ లైన్‌ను కామెంట్‌గా మార్చినా ఎర్రర్ పోలేదు, ఎందుకంటే కామెంట్లను పక్కకు తీయకముందే జావా ఈ మార్పిడి చేస్తుంది. ఫోల్డర్ పేరు నంద్యాల అయ్యుంటే ఇంకా కష్టం. బ్యాక్‌స్లాష్, ఎన్ కలిస్తే కొత్త లైన్ అని అర్థం కాబట్టి కంపైల్ అయిపోతుంది, నడిపినప్పుడు మాత్రం దారి దొరకదు. విండోస్‌లో కూడా జావాకు మామూలు స్లాష్ సరిపోతుంది. నేను అదే వాడుతున్నాను.

తర్వాత సీరియలైజేషన్. చీటీ అనే జావా క్లాసుకు (ఒక చీటీలో ఏమేం ఉండాలో చెప్పే కోడ్ నమూనా) సీరియలైజబుల్ అని తగిలించి, ఆబ్జెక్ట్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్‌తో ఆబ్జెక్టును ఉన్నదున్నట్టు ఫైల్లోకి పంపే పద్ధతి ఇది. ఇన్‌స్టిట్యూట్‌లో చూసినప్పుడు ఎంతో ముచ్చటేసింది. ఇంట్లో వారం పాటు చక్కగా నడిచింది. హమాలీ కోసం చీటీ క్లాసులో ఒక ఫీల్డ్ కలిపానో లేదో పాత ఫైల్ తెరుచుకోవడం మానేసింది, ఎక్సెప్షన్ (నడుస్తుండగా వచ్చే ఎర్రర్) ఒకటి 'ఇన్‌వాలిడ్‌క్లాస్‌ఎక్సెప్షన్' అని వచ్చింది. సీరియల్ వెర్షన్ నంబరు మనం రాసిపెట్టకపోతే క్లాసు రూపాన్ని బట్టి జావాయే ఒకటి లెక్కగడుతుంది. ఫీల్డ్ కలిస్తే ఆ నంబరు మారుతుంది. నంబరు మనమే రాసుకుంటే ఆ చిక్కు తప్పుతుంది. అయితే చిన్నాన్న వేసిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదవడానికి ఏమీ లేదు. "ఏం పాపా, నీ ప్రోగ్రాం ల్యాకపోతే ఈ లెక్క యాడ చూసుకోవాల?" అన్నాడు. లెక్కల విషయంలో ఇంతకంటే సరైన ప్రశ్న లేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ రోజే మామూలు టెక్స్ట్, సీఎస్‌వీ (గడుల మధ్య కామాలు పెట్టి రాసే ఫైల్) అని ఖాయం చేసుకున్నాం.

టెక్స్ట్ రాయాలంటే జావాలో ఒక ఆబ్జెక్టును ఇంకో ఆబ్జెక్టుకు తొడగాలి. అన్నిటికన్నా లోపల ఫైల్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్ ఉంటుంది, దానికి బైట్లు తప్ప ఇంకేమీ తెలియదు. దాని మీద అవుట్‌పుట్‌స్ట్రీమ్‌రైటర్, అక్షరాలను బైట్లుగా మార్చేది అదే. ఆ పైన బఫర్డ్‌రైటర్, చిన్నచిన్న రాతల్ని పోగేసి ఒక్కసారిగా కిందికి పంపుతుంది. ఉల్లిపాయ పొరల్లాగే. పై పొరను క్లోజ్ చేస్తే లోపలివి వాటంతటవే మూసుకుంటాయి. జూలై అంతా ఈ మూడింటినీ విడివిడిగా రాసి, ఏది ఏం చేస్తుందో చూసుకోవడంలో గడిచింది. ఆ నెల వృథా పోలేదు. తర్వాత వచ్చిన ప్రతి చిక్కునూ ఏ పొరలో వెతకాలో అందువల్లే తెలిసింది. ఫైల్‌రైటర్ అనే పొట్టిదారిలో నడిమి పొర కనిపించదు. మొదట ప్రోగ్రాంలో వాడింది, ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పింది, ఆ పొట్టిదారే.

ఆగస్టు మొదటి వారంలో దుకాణంలో నడపడం మొదలైంది. నా ల్యాప్‌టాప్‌లో జావా 21, దుకాణంలో జావా 8. అక్కడ ఇంకో పాత సాఫ్ట్‌వేర్ దాని మీదే నడుస్తుంది, తీసేయడానికి లేదు. 21లో మామూలుగా కంపైల్ చేస్తే 8 మీద నడవదు. కంపైలర్‌కు రిలీజ్ 8 అని చెప్పాలి, హెచ్చరిక ఒకటి వస్తుంది గానీ పనవుతుంది. జావాలో విండోలు చేసే స్వింగ్‌తో చేసిన విండోలో గుమాస్తా అన్న పగలంతా తెలుగులో పేర్లు కొట్టాడు. విండోలో ప్రతి అక్షరం ముత్యంలా కనిపించింది. సాయంత్రం కాటాలు ఆగాక ఫైల్ తెరిచాం.

పేర్లు లేవు. ఊళ్లు లేవు. తూకాలు, రేట్లు, సంచులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. కోడుమూరు ఉండాల్సిన చోట ???????? అని ఉంది. ఇంట్లో నెలంతా నడిపితే ఒక్క అక్షరం చెడలేదు, అదే ప్రోగ్రాం, అదే కోడ్. నాకు నోట మాట రాలేదు. చిన్నాన్న కోప్పడలేదు. "పేరు ల్యాకపోతే దుడ్డు ఎవరికియ్యాల పాపా?" అని మెల్లగా అడిగాడు. అది ఇంకా బాధనిపించింది. కాగితం చీటీలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, ఆ రాత్రి గుమాస్తా అన్న చదువుతుంటే నేను మళ్లీ కొట్టాను.

కారణం ఇది. ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) రాయాలో మనం చెప్పకపోతే జావా తన డీఫాల్ట్ తీసుకుంటుంది. 2022లో వచ్చిన జావా 18 నుంచి ఆ డీఫాల్ట్ ఎక్కడైనా యూటీఎఫ్-8, అందులో తెలుగుతో సహా అన్ని భాషలూ పడతాయి. అంతకుముందు ఆపరేటింగ్ సిస్టమ్ ఏది చెబితే అది. దుకాణంలోని విండోస్‌లో అది విండోస్-1252, పశ్చిమ యూరప్ భాషలకు చేసినది. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. లేని అక్షరం వస్తే ఎర్రర్ ఇవ్వదు, ఆపదు, దాని బదులు ప్రశ్నార్థకం రాసుకుంటూ పోతుంది. కోడుమూరు మన కంటికి నాలుగక్షరాలు. యూనికోడ్ లెక్కలో క, ఓత్వం, డ, కొమ్ము, మ, కొమ్ము దీర్ఘం, ర, కొమ్ము, మొత్తం ఎనిమిది. అందుకే ఎనిమిది ప్రశ్నార్థకాలు.

తెలుగు చెడిపోవడంలో రెండు రకాలున్నాయి, ఈ తేడా ముందే తెలిస్తే సగం భయం తగ్గుతుంది. ఫైల్లో ప్రశ్నార్థకాలే ఉంటే ఆ అక్షరాలు పోయినట్టే, ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. అలా కాకుండా నెత్తిన ఏటవాలు గీత ఉన్న ఇంగ్లీషు ఎ, దాని పక్కన ° గానీ ± గానీ మళ్లీ మళ్లీ కనిపిస్తే కంగారుపడొద్దు. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు, మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండింట్లో ఏదో ఒకటి. వాటిని వేరే ఎన్‌కోడింగ్‌లో తెరిస్తే అలా కనిపిస్తాయి. లోపలి బైట్లు క్షేమంగానే ఉంటాయి, సరైన ఎన్‌కోడింగ్ చెప్పి తెరిస్తే పేర్లు వస్తాయి. కాకపోతే ఆ రూపంలోనే సేవ్ మాత్రం నొక్కకూడదు.

ఆ రాత్రి ఒక చిన్న పరీక్ష తయారుచేసుకున్నాను, కొత్త మెషీన్ ఏదైనా ముందు ఇదే నడుపుతాను. ఒక ఖాళీ ఫైల్లో 'ఉల్లి' అని మాత్రమే రాయించాలి, చివర కొత్త లైన్ కూడా వద్దు. తర్వాత ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూడాలి. ఉ, ల, పొల్లు, ల, గుడి: ఐదు. ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి 15 ఉంటే యూటీఎఫ్-8లో సరిగ్గా పడినట్టు. 5 ఉంటే అన్నీ ప్రశ్నార్థకాలు. 18 ఉంటే ముందు బీఓఎం అనే మూడు బైట్ల గుర్తు కూడా ఉంది. నల్లటి కమాండ్ విండోలో ప్రింట్ చేసి చూసుకుంటే మాత్రం నమ్మడానికి లేదు. ఫైల్ బాగున్నా అక్కడ తెలుగు చెడిపోయి కనిపించొచ్చు. సైజు అబద్ధం చెప్పదు.

సవరణ ఒక్క మాట. అవుట్‌పుట్‌స్ట్రీమ్‌రైటర్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా స్టాండర్డ్‌చార్‌సెట్స్‌లోని యూటీఎఫ్-8 ఇవ్వాలి. చదివేచోట ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్‌కూ అదే ఇవ్వాలి. ఫైల్‌రైటర్‌కు ఎన్‌కోడింగ్ చెప్పే వీలు జావా 11లో గానీ రాలేదు, 8లో ఆ దారి లేదు. జావా 21 వాడేవాళ్లకు ఇది అక్కర్లేదు కదా అనొచ్చు. మీ ప్రోగ్రాం రేపు ఎవరి మెషీన్ మీద నడుస్తుందో మీకు తెలియదు, రాసిపెట్టండి.

ఎక్సెల్ సంగతి వేరే కథ. ఇప్పుడు ఫైల్ బాగుంది, నోట్‌ప్యాడ్‌లో పేర్లన్నీ వస్తున్నాయి. గుమాస్తా అన్న దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఆ గీతల ఎ, డిగ్రీ గుర్తులు. సీఎస్‌వీ మొదట్లో బీఓఎం లేకపోతే అది యూటీఎఫ్-8 అని ఎక్సెల్‌కు తెలియదు. కొత్త ఫైల్ పుట్టినప్పుడు ఒక్కసారి ఆ గుర్తు రాస్తే తెలుగు కనిపించింది. వెంటనే నా ప్రోగ్రాం మొరాయించింది. చదివేటప్పుడు జావా ఆ గుర్తును తీసేయదు. మొదటి గడిలో 'తేదీ' ముందు కంటికి కనిపించని ఒక అక్షరం అతుక్కుని ఉంటుంది, పోల్చి చూస్తే 'తేదీ'తో సమానం కాదు. మొదటి లైన్ చదివాక అది ఉంటే తీసేయాలి.

ఇంకా రెండు ఉన్నాయి. లాటు నంబరు 12-6 అని ఉంటే ఎక్సెల్‌లో జూన్ 12 అయిపోతుంది. డబ్బు 1,20,000 అని కామాలతో రాస్తే సీఎస్‌వీలో మూడు గడులుగా విడిపోతుంది. లాటును 12/6 చేసినా అదే తంతు, అందుకని ముందు ఎల్ అక్షరం చేర్చాం. డబ్బు కామాల్లేకుండా రాసి, తెర మీద చూపేటప్పుడు మాత్రం కామాలు వేస్తున్నాం.

అసలు దెబ్బ సేవ్ నొక్కినప్పుడు. దుకాణంలోని పాత ఎక్సెల్‌లో సీఎస్‌వీగా సేవ్ చేస్తే మళ్లీ విండోస్-1252లోకే పోతుంది, అంటే మళ్లీ ప్రశ్నార్థకాలు. కొత్త వాటిలో సేవ్ యాజ్ దగ్గర 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని వేరుగా ఉంటుంది. గుమాస్తా అన్న ఇరవై ఏళ్లుగా లెక్కలు చూస్తున్న మనిషి, తెరిచిన పుస్తకం మూసేముందు సేవ్ చేయడం ఆయనకు అలవాటు, ఆ అలవాటు మంచిదే. ఆయన్ను మార్చమనడం న్యాయం కాదనిపించింది. అందుకే ఆయనకు ఎప్పుడూ నకలే ఇస్తున్నాను. బటన్ నొక్కితే ఫైల్స్ క్లాసులోని కాపీతో కొత్త నకలు తయారవుతుంది, అసలు ఫైల్ వేరే ఫోల్డర్లో ఉంటుంది. దీంతో ఇంకో తలనొప్పీ తీరింది. ఎక్సెల్‌లో ఫైల్ తెరిచి ఉండగా ప్రోగ్రాం అందులో రాయబోతే 'ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎక్సెప్షన్' వస్తుంది. ఫైల్ ఎదురుగానే ఉంటుంది. ఎక్సెప్షన్ పేరు చూసి దారి తప్పేమోనని వెతక్కండి, పక్కన ఉన్న సందేశం చదవండి. ఇంకో ప్రోసెస్ దాన్ని పట్టుకుని ఉందని అక్కడ రాసి ఉంటుంది.

సెప్టెంబరులో వచ్చింది అన్నిటికంటే పెద్దది. గూడూరు, సి.బెళగల్, గోనెగండ్ల వైపు నుంచి బండ్లు రాత్రే వచ్చి యార్డు నిండిపోయిన రోజులు. మధ్యాహ్నం మూడు దాటాక కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు తీస్తే ఆరిపోతుంది. కరెంటు వచ్చాక ఆ రోజు ఫైల్ చూస్తే 0 కేబీ. పొద్దున్నుంచి కొట్టిన ఒక్క చీటీ లేదు. పేర్లు కాదు, అంకెలు కూడా లేవు. బయట రైతులు డబ్బు కోసం నిలబడి ఉన్నారు.

ఇది బఫర్ పొర పని. బఫర్డ్‌రైటర్ మామూలుగా 8192 అక్షరాలు పోగయ్యేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. ఒక చీటీ లైన్ డెబ్బై, ఎనభై అక్షరాలు. వంద చీటీలు దాటితే గానీ మొదటి విడత కిందికి దిగదు. పొద్దున ప్రోగ్రాం తెరిచినప్పుడు రైటర్ తెరిచి, సాయంత్రం మూసేటప్పుడు క్లోజ్ చేసే ఏర్పాటు కాబట్టి, ఆ రోజు చీటీలన్నీ మెమరీలోనే ఉండి కరెంటుతో పాటే పోయాయి. అంతకుముందు ప్రతి సాయంత్రం ఫైల్ నిండుగా కనిపించేది, ఎందుకంటే ప్రతి సాయంత్రం సరిగ్గా క్లోజ్ అయ్యేది.

ఇప్పుడు ఒక్కో చీటీకి తెరవడం, రాయడం, మూయడం. 2011లో వచ్చిన జావా 7 నుంచి ఉన్న ట్రై విత్ రిసోర్సెస్‌లో రాస్తే మధ్యలో ఎక్సెప్షన్ వచ్చినా మూయడం మాత్రం తప్పదు. ఇలా చేస్తే నెమ్మదిస్తుందేమో అనుకున్నాను, గుమాస్తా అన్నకు తేడాయే తెలియలేదు. రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఫైల్‌అవుట్‌పుట్‌స్ట్రీమ్‌కు రెండో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇవ్వాలి. ఇవ్వకపోతే తెరిచిన క్షణమే, ఒక్క అక్షరం రాయకముందే, పాతదంతా ఖాళీ అవుతుంది. రెండోది, ఫ్లష్ (బఫర్లో పోగైనది కిందికి పంపడం) చేసినంత మాత్రాన డిస్కు మీద పడినట్టు కాదు, అది ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి చేరిందని మాత్రమే. మూసేముందు ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కు సిస్టమ్ ఇచ్చే గుర్తు) మీద, డిస్కు మీదికి రాయించే సింక్ కూడా పిలుస్తున్నాను. ఎప్పుడన్నా పాత చీటీ దిద్దాల్సి వస్తే అసలు ఫైల్‌ను ముట్టుకోను. దిద్దినదంతా పక్కన తాత్కాలిక ఫైల్లో రాసి, పూర్తిగా మూసి, ఆ తర్వాతే దాన్ని పాతదాని స్థానంలోకి తరలిస్తాను. కరెంటు ఎప్పుడు పోయినా పాతదో కొత్తదో ఒకటి పూర్తిగా ఉంటుంది. చిన్నాన్న కొత్త బ్యాటరీ కూడా వేయించాడు, 2,400 అయింది.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అని పుస్తకంలో చదివిన మాటకు నాకు అర్థం తెలిసింది ఈ సెప్టెంబరులోనే. చీటీ ఒక క్లాసు, దానికి ఫైల్ అనేది ఉందనే తెలియదు. చీటీలను దాచేది, తెచ్చేది ఇంకో క్లాసు. ఎన్‌కోడింగ్, బీఓఎం, ఒక్కోసారి తెరిచి మూయడం, సింక్, తాత్కాలిక ఫైల్, ఇన్ని మార్పులూ ఆ ఒక్క క్లాసులోనే జరిగాయి. గుమాస్తా అన్న చూసే విండో కోడ్‌లో ఒక్క లైన్ మారలేదు. సీజను నడుస్తుండగా, రైతులు బయట ఉండగా మార్పులు చేయాల్సి వచ్చిన నాకు అది ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

పెన్‌డ్రైవ్ బ్యాకప్ గురించి కూడా చెప్పాలి. 450 పెట్టి కొన్నాం. ఆ భాగంలో ప్రింట్‌రైటర్ వాడాను, రాయడం సులువని. అది రాయలేకపోతే ఎక్సెప్షన్ ఇవ్వదు, లోపల ఒక గుర్తు పెట్టుకుని ఊరుకుంటుంది. చెక్‌ఎర్రర్ అని మనం అడిగితేనే చెబుతుంది. రాస్తుండగానే పెన్‌డ్రైవ్ తీసి పరీక్షిస్తే 'బ్యాకప్ అయింది' అని మా విండో హాయిగా చూపించింది. లెక్కలు రాసేచోట ప్రింట్‌రైటర్ వద్దు. ఇప్పుడు బ్యాకప్ రాశాక దాన్నే తిరిగి చదివి, లైన్ల సంఖ్య అసలుతో సరిపోతేనే అయిందని చూపిస్తున్నాను.

చదివే విషయంలో ఒక్కటి. ఫైల్స్ క్లాసులోని న్యూబఫర్డ్‌రీడర్ కఠినమైనది. యూటీఎఫ్-8 కాని బైటు ఒక్కటి తగిలినా 'మాల్‌ఫార్మ్‌డ్‌ఇన్‌పుట్‌ఎక్సెప్షన్' అని ఆగిపోతుంది. గుమాస్తా అన్న సేవ్ చేసిన ఒక నకల్లో 12½ సంచులు అని ఉంది, ఆ ½ దగ్గరే ఆగింది. ఇన్‌పుట్‌స్ట్రీమ్‌రీడర్ అయితే దాని స్థానంలో ఒక బదులు గుర్తు పెట్టి ముందుకు పోయేది. నాకు ఆగేదే నయం. తప్పు తూకంతో డబ్బు లెక్కగట్టడం కంటే ఆగి అడగడం మేలు.

అక్టోబరు నుంచి కొత్త చిక్కులేవీ లేవు. ఏ రైతు వచ్చి అడిగినా పేరు, ఊరు కొడితే చీటీ వస్తుంది. సీజను మొత్తం ఫైళ్లన్నీ వరుసగా చదివినా కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతోంది, కాబట్టి ఇప్పట్లో డేటాబేస్ అవసరం రాదు.

మిగిలింది పాత రైతుల జాబితా. కొన్నేళ్ల కిందట డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించినది. అది యూనికోడ్ కాదు. పాతకాలం తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు ఉంటాయి, ఫైల్లో ఉన్నది ఆ ఇంగ్లీషు కోడ్‌లే. యూటీఎఫ్-8 అని ఎంత చెప్పినా అందులోంచి తెలుగు రాదు. ఏ కోడ్‌కు ఏ అక్షరమో పట్టిక రాసి మార్చాలి, ఒత్తులు, గుణింతాల వరుస కూడా సరిచేయాలి. ఆ పట్టిక మొదలుపెట్టాను. ఈలోగా రైతు వచ్చినప్పుడల్లా గుమాస్తా అన్న ఆ కాగితం చూసి పేరు కొత్తగా కొడుతున్నాడు.